వాషరు బాబాయి మార్కులు

కుళాయి కారుతోందని ఎవరు కబురు పెట్టినా ఆయన నోట ముందు వచ్చే మాట ఒకటే: "వాషరు మారిస్తే సరి." తీరా వెళ్లి చూస్తే గోడ లోపలి పైపు పగిలి ఉండేది, లేదంటే ట్యాంకు అడుగు తుప్పు పట్టి ఉండేది. వాషరుతో అయిపోయే పనులు పదింటిలో మూడు కూడా ఉండవు. అయినా ఆ మాట చెవిన పడగానే ఇంటివాళ్లకు సగం ప్రాణం లేచి వచ్చేది. అలా అలా ఆ పేటలో ఆయన అసలు పేరు మరుగున పడిపోయి, చిన్నా పెద్దా అందరికీ వాషరు బాబాయి అయిపోయాడు.

ఆయన కొట్టు ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉంది. నిటారుగా నిలబడితే తల పైకప్పుకు కొట్టుకుంటుంది. పదిహేనేళ్లుగా ఒంగి వెళ్లి ఒంగి రావడం అలవాటై, పెద్ద పెద్ద గుమ్మాల కింద కూడా తల వంచుకునే నడుస్తాడు. వినయం అనుకుని కొత్తవాళ్లు మురిసిపోతుంటారు.

ఏడేళ్ల కిందట ఒక బ్యాంకు శాఖలో బాత్‌రూము పైపు పగిలి, నీళ్లు మేనేజరు గది దాకా వచ్చాయి. బాబాయి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గంటన్నరలో వరద ఆపాడు. ఆ సంతోషంలో మేనేజరు దగ్గరుండి సంతకాలు చేయించి, ఆయనకొక క్రెడిట్ కార్డు ఇప్పించాడు. బ్యాంకు అప్పంటే నిప్పులా చూసే మనిషి బాబాయి. మూడు నెలలు ఆ కార్డును బీరువాలో చీరల మడతల మధ్య దాచాడు. పైపుల దుకాణంవాడు అరువు మానేశాకే, వేరే దారిలేక బయటికి తీశాడు. పనికి కావలసిన సామాను మొత్తం దాంతోనే కొనడం, గడువు తేదీకి రెండు రోజుల ముందే బ్యాంకుకు వెళ్లి మొత్తం కట్టేయడం. వడ్డీ అన్న మాట ఏనాడూ ఆయన బిల్లు మీదికి రాలేదు.

నెలనెలా ఇంటికొచ్చే ఆ బిల్లులో బాబాయి చూసేవి రెండే. ఒకటి కట్టవలసిన మొత్తం. రెండోది కింద కుడిపక్క గడిలో, నీలం రంగులో ఉండే అంకె. దాని పక్కన 'రివార్డ్ పాయింట్లు' అని ఉండేది. మొదటి నెల నూట ఎనభై, ఆరో నెలకు రెండు వేల చిల్లర. వేళకు డబ్బు కడుతున్నందుకు, బుద్ధిగా ఉన్నందుకు, బ్యాంకువాళ్లు తనకు మార్కులు వేస్తున్నారని ఆయన అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడగాల్సినంత అనుమానం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

దీనికొక కారణముంది. చదువుకునే రోజుల్లో బాబాయికి వచ్చిన అత్యధిక మార్కులు నలభై ఒకటి, అవీ డ్రాయింగులో. ప్రోగ్రెస్ కార్డు తండ్రికి చూపిస్తే వీపు విమానం మోత మోగేది. అందుకని ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క, తండ్రి సంతకాన్ని అచ్చు గుద్దినట్టు పెట్టి పంపేది. పెడుతూ, "వచ్చేసారి యాభై తేరా, నీకు నేను బిస్కెట్లు కొంటా" అనేది. ఆ యాభై రాలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి, బాబాయి పైపుల పనిలో చేరిపోయాడు.

ఆ అక్క ఒక పెద్దాసుపత్రి కుట్టుగదిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయింది. రోగుల గౌన్లు, దుప్పట్లు, ఆపరేషన్ గది తెరలు, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లినవే. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంటికి రెండు వీధుల అవతల ఒక గదిలో, కుట్టుమిషను పక్కనే మంచం వేసుకుని ఉంటుంది. బిల్లు వచ్చిన రోజు సాయంత్రం బాబాయి దాన్ని జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లేవాడు.

"అక్కా, ఈ నెల ముప్పై ఎనిమిది వేలు దాటింది."

"శభాష్ రా! కిందటి నెలకంటే పెరిగిందా?"

"పెరగకపోతే ఎలా? ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు."

అక్క డబ్బా మూత తీసి రెండు బిస్కెట్లు చేతిలో పెట్టేది. యాభై నాలుగేళ్ల తమ్ముడు అవి తినేసి, చేతులు దులుపుకుని, ఇంటికి వెళ్లేవాడు.

ఇంట్లో ఇల్లాలి దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడికేవి కావు. "ఆ మార్కులు గీరుకుంటే అన్నంలోకి వస్తాయా, పులుసులోకి వస్తాయా?" అనేది ఆవిడ. "నీకేం తెలుసే, బ్యాంకు ఊరికే ఇస్తుందా" అని బాబాయి బిల్లును ఫైలులో జాగ్రత్తగా పెట్టుకునేవాడు.

అలాంటి మనిషికి ఒక నెల బిల్లు పిడుగులా వచ్చి పడింది. కిందటి నెల నలభై ఒక్క వేల రెండు వందలున్న అంకె, ఈసారి ముప్పై ఆరు వేల తొమ్మిది వందలు అయింది. బాబాయి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తగ్గింది. ఏడేళ్లలో ఎన్నడూ తగ్గని అంకె.

తను చేసిన తప్పేమిటా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. డబ్బు కట్టేటప్పుడు కౌంటరులో అమ్మాయితో గట్టిగా మాట్లాడాడా? చిరిగిన నోటు ఏమైనా వెళ్లిందా? ఆ రెండు రోజులూ అక్క దగ్గరికి కూడా వెళ్లలేదు. ప్రోగ్రెస్ కార్డు సంచి అడుగున దాచిన రోజుల్లోలాగే, బిల్లును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తిరిగాడు.

మూడోరోజు లెక్కల మేడం ఇంట్లో వంటగది సింకు కింద పని పడింది. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మాట కరుకు, మనసు వెన్న. సింకు కింద వెల్లకిలా పడుకున్న బాబాయి అదే పనిగా నిట్టూరుస్తుంటే ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"ఏమయ్యా, పైపు మరీ అంత పాడైందా?"

"పైపు బాగానే ఉంది మేడం గారూ. నాకే మార్కులు తగ్గించారు."

"మార్కులా? నీకా? ఎవరు?"

బాబాయి సింకు కిందనుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, బిల్లు తీసి ఇచ్చాడు. తను చేసిన నేరమేదో కనిపెట్టి చెప్పమన్నాడు. సంగతంతా విన్నాక మేడం నవ్వడం మొదలుపెట్టి, కళ్లజోడు ముక్కు మీదనుంచి జారేదాకా నవ్వింది. అప్పుడు ఆయన మొహం కనిపించింది. ఠక్కున ఆపేసి, కుర్చీ చూపించి, "కూర్చో నాయనా" అంది.

"ఇవి మార్కులు కావు. నువ్వు కార్డుతో వంద ఖర్చుపెట్టినప్పుడల్లా బ్యాంకు నీకు వెనక్కి ఇచ్చే కొసరు. బజారులో తూకం వేశాక ఇంకో గుప్పెడు వేస్తారు చూడు, అలాంటిది. దాన్ని నువ్వు తీసుకుని వాడుకోవాలి."

"వాడుకుంటే తగ్గిపోవూ?"

"వాడుకోకపోయినా తగ్గుతాయి. అదే ఇప్పుడు జరిగింది." మేడం బిల్లును తిరగేసింది. వెనక పేజీ వైపు బాబాయి ఏనాడూ చూసినవాడు కాదు. చీమల బారులా సన్నటి అక్షరాలు. ఆవిడ వేలు ఒకచోట ఆగింది. "ఇదిగో. ఏ నెలలో వచ్చిన పాయింట్లు ఆ నెలనుంచి మూడేళ్లే బతుకుతాయి. ఈ నెల నీకు కొత్తగా వచ్చినవి పదకొండు వందలు. గడువు తీరి పోయినవి అయిదు వేల నాలుగు వందలు. మూడేళ్ల కిందట ఇదే సమయంలో పెద్ద సామానేదైనా కొన్నావా?"

బాబాయికి వెంటనే గుర్తొచ్చింది. బస్టాండు దగ్గర లాడ్జి. ముప్పై రెండు గదులు, ప్రతి గదిలో పైపులన్నీ మార్చాడు. రెండు నెలలు పట్టింది.

"రెండు నెలలా? అయితే రెండో నెలవి ఈ నెలాఖరుకి పోతాయి. ఇక్కడ రాసే ఉంది, తొమ్మిది వేల నాలుగు వందలు."

"మరి ఇన్నాళ్లూ ఎప్పుడూ తగ్గలేదు కదండీ?"

"తగ్గుతూనే ఉన్నాయి. పోయినవాటికంటే వచ్చినవి ఎక్కువ కాబట్టి నీకు తెలియలేదు. కింద చిల్లు ఉన్నా, పైనుంచి నీళ్లు ఎక్కువ పడుతుంటే ట్యాంకు నిండుతున్నట్టే కనిపిస్తుంది కదా?"

ఈ లెక్క బాబాయికి సూటిగా తగిలింది. మేడం కాగితం మీద అంచనా కట్టి, మొదటి నాలుగేళ్లలో వచ్చినవి, ముప్పై వేల పైచిలుకు, చడీచప్పుడు లేకుండా ఎగిరిపోయాయని తేల్చింది. మార్కులు కావన్నందుకు ఎక్కువ బాధా, పోయినందుకు ఎక్కువ బాధా, బాబాయికే తెలియలేదు.

"ఏడవకు. ఇంకా ముప్పై ఆరు వేలున్నాయి" అంది మేడం. ఫోనులో బ్యాంకువాళ్ల పట్టిక తెరిచి, ఒక్కొక్కటే చదివి చెప్పింది. బిల్లులో తగ్గించమంటే నాలుగు పాయింట్లకు ఒక రూపాయి చొప్పున తగ్గిస్తారు. దుకాణాల కూపన్లు తీసుకుంటే రెండింటికి ఒకటి. మిక్సీలూ సూట్‌కేసులూ ఉన్నాయి గానీ, బజారు ధరకంటే రెట్టింపు చెబుతున్నారు. విమానం టిక్కెట్లకైతే ఒకటికి ఒకటి. "పాయింటు అదే. ఏ కిటికీ దగ్గర ఇస్తావన్నదాన్ని బట్టి దాని విలువ. బాగా ఆలోచించుకుని రా. నెలాఖరు దాటనివ్వకు."

ఆ సాయంత్రం విషయమంతా విన్న ఇల్లాలు, "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంది మీ వ్యవహారం" అని ముందు ఒక చురక అంటించింది. తర్వాత కూర తరుగుతూ తరుగుతూ ఆగి, "విమానమంటే నాకు కళ్లు తిరుగుతాయి. కుర్చీ ఎక్కి బూజు దులిపితేనే పడతాను. మీ అక్కయ్యను తీసుకెళ్లండి" అంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికేంటండీ? గుండీ దగ్గరికి."

గుండీ అంటే అక్క స్నేహితురాలు. ఆసుపత్రి కుట్టుగదిలో ఇరవై ఆరేళ్లు అక్క మిషనుకు పక్క మిషను ఆవిడదే. గుండ్రటి మొహం, పొట్టి మనిషి, గుండీలు కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. రిటైరయ్యాక కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఊరికి బస్సులో ఒకటిన్నర రోజు ప్రయాణం. అక్క నడుము అరగంట కూర్చుంటేనే పట్టేస్తుంది. ఆరేళ్లుగా ఇద్దరికీ ఆదివారం ఫోనే దిక్కు. విమానంలో అయితే గంటా నలభై నిమిషాలు.

మరుసటి రోజు బాబాయి అక్క గదికి వెళ్లాడు. ఏడేళ్లు వచ్చి గొప్పలు చెప్పుకున్నవి మార్కులు కావని ఎలా చెప్పడం? నేలచూపులు చూస్తూ, నీళ్లు నములుతూ, ఎలాగో బయటపెట్టాడు.

అక్క మిషను చక్రం ఆపి, "అవి మార్కులు కావని నాకు మొదట్నుంచీ తెలుసురా" అంది.

"తెలుసా! మరి చెప్పలేదేం?"

"బ్యాంకువాళ్లు పిలిచి మార్కులేస్తారేంట్రా, పిచ్చి సన్నాసీ? అవేవో కూపన్లలాంటివని అనుకున్నాలే. గడువుంటుందని మాత్రం తెలీదు, తెలిస్తే చెప్పేదాన్నే. నువ్వు జేబులోంచి ఆ కాగితం తీస్తుంటే నీ మొహం ఎలా ఉండేదో నీకేం తెలుసు. అది చూడ్డానికే నెలంతా ఎదురుచూసేదాన్ని."

బాబాయి దగ్గు వచ్చినట్టు నటించి, గుండీ సంగతి ఎత్తాడు. అక్క ససేమిరా అంది. అంత ఖరీదు తనకెందుకంది, మీ ఆవిడకు ఏదైనా కొనిపెట్టమంది. "నీ మరదలే పంపింది. నువ్వు రానంటే నెలాఖరుకి తొమ్మిది వేల నాలుగు వందలు గంగపాలు" అన్నాడు బాబాయి. వృథా అన్న మాట వింటే అక్కకు పడదు. గుడ్డపీలిక కూడా పారెయ్యని మనిషి. చివరికి, "నాలుగు రోజులంటే నాలుగు రోజులే" అంది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. మేడం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని టిక్కెట్లు తీసుకోబోతే, బాబాయి ఫోనుకు ఒక అంకె పంపాం, అది కొట్టండి అంది బ్యాంకు. ఆ అంకె రాలేదు. పావుగంట చూశారు, రాలేదు. బ్యాంకువాళ్ల దగ్గరున్నది పాత నంబరు. ఆ ఫోను నాలుగేళ్ల కిందట ఒక ఇంటి ట్యాంకు కడుగుతుండగా జేబులోంచి జారి నీళ్లలో మునిగి చచ్చింది. అప్పుడు కొత్త ఫోనుతో పాటు కొత్త నంబరు తీసుకున్నాడు గానీ, బ్యాంకుకు చెప్పాలన్న ఊసే ఆయనకు తట్టలేదు.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, పాటలు వినిపించి వినిపించి, చివరికి ఒక గొంతు మర్యాదగా చెప్పింది: నంబరు మార్చాలంటే మీరే శాఖకు వెళ్లి ఫారం నింపాలి, మూడు పనిదినాలు పడుతుంది. ఆ రోజు ఇరవై అయిదో తారీఖు. మధ్యలో ఒక సెలవు.

బాబాయి ఆ మధ్యాహ్నమే శాఖకు పరుగెత్తాడు. ఫారంలో ఒక గడి తప్పు రాశాడని వెనక్కి పంపారు. మళ్లీ రాశాడు. కౌంటరులోని అమ్మాయి ఆయన్ను గుర్తుపట్టి, "ప్రతి నెలా రెండు రోజుల ముందే వచ్చే బాబాయి కదూ మీరు" అని తనే లోపలికి తీసుకెళ్లి సంతకం పెట్టించింది. ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున ఒక ఇంటి డాబా మీద వాల్వు బిగిస్తుంటే ఫోను మోగింది. నంబరు మారిందని సందేశం. పానా అక్కడే వదిలేసి, ఇంటివాళ్లకు గంటలో వస్తానని చెప్పి, మేడం ఇంటికి వెళ్లాడు.

రానూపోనూ ఒక్కో టిక్కెట్టుకు పదిహేడు వేల పాయింట్లు. రెండింటికీ ముప్పై నాలుగు వేలు. పన్నులూ, పాయింట్లు మార్చినందుకు బ్యాంకు రుసుమూ మాత్రం కార్డు మీద పడతాయని, ముందు పాతవే ఖర్చవుతాయని మేడం వివరించింది. "చివరి మీట నువ్వే నొక్కు" అని ఫోను ఆయన ముందు పెట్టింది. బాబాయి వేలికి పైపులకు చుట్టే తెల్లటి టేపు ముక్క అంటుకుని ఉంది. దాన్ని పీకి, వేలు చొక్కాకు తుడుచుకుని నొక్కాడు. పచ్చటి టిక్కు కనిపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడం లేచి కాఫీ పెట్టింది.

ప్రయాణం రోజు విమానాశ్రయంలో ఆయన ప్యాంటు జేబులోని చిన్న పానాను తనిఖీవాళ్లు తీసేసుకున్నారు. పానా లేకుండా నాలుగు అడుగులు వేయడం ముప్పై అయిదేళ్లలో అదే మొదటిసారి. ఒంటిమీద చొక్కా లేనట్టు ఇబ్బందిపడ్డాడు. విమానంలో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె మేఘాలు ఒక నిమిషం చూసి, తర్వాత ముందు సీటు కవరు కుట్టు పట్టి పరీక్షించింది. "జోడు కుట్టు వేశారురా. మంచి దారం" అంది.

బాబాయి లేచి బాత్‌రూముకు వెళ్లాడు. పది నిమిషాలైనా రాలేదు. లోపల మీట నొక్కడం, పెద్ద చప్పుడు, మళ్లీ నొక్కడం, మళ్లీ చప్పుడు. విమానం అమ్మాయి కంగారుగా తలుపు తట్టింది. బాబాయి వెలిగిపోతున్న మొహంతో, తల వంచుకుని బయటికొచ్చాడు. "నీళ్లు చెంచాడు కూడా లేవమ్మా! అంతా గాలితోనే లాగేస్తోంది. ఇది ఎవరు బిగించారు?" అక్క సీటులోంచే, "ఏమీ అనుకోకమ్మా, వాడికి అదే లోకం" అంది.

బయటి గేటు దగ్గర గుండీ నిలబడి ఉంది. ఇంకా పొట్టిదైపోయింది, జుట్టంతా తెల్లబడింది. ఇద్దరూ ఏడుస్తారనీ, తను ఓదార్చాల్సి వస్తుందనీ బాబాయి చేతిరుమాలు కూడా సిద్ధంగా పట్టుకున్నాడు. గుండీ దగ్గరికి వచ్చి, అక్క జాకెట్టు చేతి అంచు రెండు వేళ్లతో పట్టి చూసింది.

"ఈ కుట్టు ఎవరు వేశారే? వంకర పోయింది."

"నేనే. కళ్లు ఆనడం లేదు."

"నాతో చెప్పలేదేం?"

"ఫోనులో ఏం చెప్పనే."

గుండీ ఆ అంచు వదల్లేదు. అలాగే పట్టుకుని ఆటో దాకా నడిపించింది.

నాలుగు రోజులూ ఆ ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఆసుపత్రి కబుర్లే చెప్పుకున్నారు. ఏ డాక్టరు కోటుకు ఎన్ని గుండీలు ఊడేవో, ఏ నర్సు గౌను ఎన్నిసార్లు వదులు చేశారో. వెళ్లిన మరుసటి రోజే గుండీ అక్కను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. శుక్లాలు ముదిరాయన్నారు. ఊరికి వెళ్లగానే ఆపరేషన్ చేయించుకుంటానని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ వదిలింది. తమ్ముడు చెబితే వాయిదా వేసే మనిషి, గుండీ మాట మాత్రం జవదాటదు. బాబాయికి అక్కడ పనేమీ లేక, చేతులు దురద పుట్టి, ఆ ఇంటి బాత్‌రూములో కారుతున్న షవరు చూసి ఉండబట్టలేక, బజారుకు వెళ్లి కొత్త పానా, రెండు వాషర్లు కొన్నాడు. కార్డు మీదే.

తిరిగొచ్చిన నెలలోనే అక్క కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది.

పేటలో బాబాయికి కొత్త పనొకటి తగులుకుంది. కుళాయి బాగుచేసి లేస్తూ, "మీకు కార్డుందా? బిల్లు వెనక పేజీ చూశారా?" అని అడుగుతాడు. కొందరు చిరాకుపడతారు. కొందరు తెచ్చి చూపిస్తారు. మంగలి షాపు ఆయనవి మరునాడే పోబోతున్న పాయింట్లు కనిపెట్టి, పిల్లకు స్కూలు సంచి ఇప్పించాడు. ఇంధనం కొంటే పాయింట్లు రావని, బిల్లు ఆలస్యమైతే వడ్డీ ముందు ఈ కొసరు ఏ మూలకూ రాదని, పాయింట్ల కోసం అక్కర్లేనివి కొనడం బుద్ధి తక్కువని అందరికీ చెబుతాడు. ఫోను నంబరు సరిచూసుకోమని మాత్రం రెండుసార్లు చెబుతాడు.

మరుసటి ఏడాదికి ఆయన దగ్గర ఒక్క టిక్కెట్టుకే సరిపడా పాయింట్లు పోగయ్యాయి. అక్క, "ఒక్కదాన్నే వెళ్లగలనురా, కళ్లున్నాయిగా ఇప్పుడు" అంది. బాబాయి విమానాశ్రయం దాకా వెళ్లి, సంచి అందించి, గాజు గోడ బయట నిలబడ్డాడు. అక్క వెనక్కి తిరిగి చూడకుండా, దారి అడగకుండా, తనిఖీ వరుసలో చకచకా వెళ్లిపోయింది. అంతలో ఫోను మోగింది.

"బాబాయ్, మా ట్యాంకు పొంగి మెట్లమీదికి వస్తోంది, తొందరగా రండి!"

"మెయిన్ వాల్వు కుడివైపుకి తిప్పి కట్టేయండి" అన్నాడు బాబాయి, గాజు గోడకు మొహం ఆనించి. "మా అక్క విమానం ఎక్కుతోంది. అది లేచాక వస్తాను."